చీటీలో లేని మాటలు

ఆ ఆదివారం ఉదయం నేను ఒక సైనికుడు ఎక్కడ ఉన్నాడో మైకులో చెప్పేశాను. ఊరి పేరు చెప్పాను. ఆ ఊరికి ముందున్న వంతెన గురించి చెప్పాను. పెద్ద తుపాకులు వచ్చి చేరాయని కూడా చెప్పాను. పద్దెనిమిదేళ్లు పట్టాళంలో పనిచేసి వచ్చినవాణ్ణి. ఏది బయట చెప్పకూడదో నాకు నేర్పినట్టుగా మా ఊళ్లో ఇంకెవరికీ నేర్పలేదు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మాది తర్లుపాడుకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. మా చర్చిలో బైబిల్ వాక్యం చెప్పడానికి ముందు ప్రార్థన చీటీలు చదువుతారు. జ్వరం తగ్గాలని, పిల్ల పరీక్ష పాసవ్వాలని, బోరులో నీళ్లు పడాలని, మొగుడు తాగుడు మానాలని, ఎవరి బాధ వాళ్లు చిన్న కాగితం మీద రాసి బుట్టలో వేస్తారు. రాయడం రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయిస్తారు. సంఘ పెద్ద ఒకరు ఒక్కో చీటీ విప్పి చదివితే అందరూ కళ్లు మూసుకుని ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తారు. చదివే పని నాది. పరేడ్ మైదానంలో అరిచి అరిచి తయారైన గొంతు కదా, మైకు లేకపోయినా వెనక వరసకు వినబడుతుంది. మైకు ఉంటే ఇంకా బాగుంటుందని నాకు నేనే అనుకునేవాణ్ణి.

కొంతకాలంగా మా పాస్టరు అయ్యగారి భార్య తన ఫోను స్టాండుకు తగిలించి ఆరాధన మొత్తం లైవ్‌లో పెడుతోంది. ఆమెను మేం అమ్మగారు అంటాం. పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు పోయిన మా ఊరివాళ్లు అక్కడినుంచే చూసి కింద ఆమేన్ అని రాస్తుంటారు.

సరిహద్దులో ఏ రోజైనా యుద్ధం మొదలవుతుందని టీవీలు అరుస్తున్న రోజులవి. ఆ ఆదివారం నేను చర్చి ఆవరణలోకి వెళ్లేసరికి ఒక తల్లి వేపచెట్టు పక్కన నా కోసం నిలబడి ఉంది. కూలి పని చేసుకునే మనిషి, భర్త లేడు. ఒక్కడే కొడుకు. ఆ పిల్లవాడు పట్టాళంలో చేరి మూడేళ్లయింది. సెలక్షన్ కోసం పొద్దున్నే తర్లుపాడు రోడ్డు మీద వాణ్ణి పరిగెత్తించింది నేనే. ఫారాలు నింపింది నేనే. అందుకని ఆమెకు నామీద నమ్మకం.

"అన్నా, రాత్రి బిడ్డ ఫోన్ చేసినాడు. రెండు నిమిషాలే. ఇంక ఫోన్ పనిచేయదంట. ఏందో ఊరు పేరు చెప్పినాడు, నాకు నోరు తిరగట్లే."

ఆమె పలికిన ముక్కలను బట్టి ఊరు ఏదో నాకు అర్థమైంది. ఆ పేరు ఇక్కడ మళ్లీ రాయను. పుల్ల తీసుకుని మట్టిలో గీత గీసి, ఇది బోర్డరు, ఇది నది, ఇదిగో ఇక్కడ నీ కొడుకు అని చూపించాను. వంతెన దాటి తోటల్లో దిగామని, వెనకాలే పెద్ద తుపాకులు వచ్చాయని పిల్లవాడు చెప్పిన మాటలన్నీ ఆమె ఒక్కొక్కటిగా నా చెవిలో చెప్పింది.

"దగ్గరా అన్నా బోర్డరుకు?"

"దగ్గరే. అయినా భయపడొద్దమ్మా. మేమంతా అక్కడ చేసి వచ్చినోళ్లమే."

నేను ఆ చోటికి ఎన్నడూ వెళ్లలేదు. నా పద్దెనిమిదేళ్లలో ఎక్కువ కాలం స్టోర్లలో లెక్కలు చూశాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాడన్నా. నువ్వు మిలిటరీవాడివి గాబట్టి నీకు చెప్పినా," అని ఆమె లోపలికి వెళ్లింది.

ఆరాధనలో ఆమె చీటీ నా చేతికి వచ్చింది. దానిమీద ఒకే వాక్యం: సరిహద్దులో ఉన్న నా కొడుకు క్షేమం కొరకు. చదివాను. అక్కడితో ఆపి కళ్లు మూసుకుంటే సరిపోయేది. కానీ ఎదురుగా జనం మామూలు కంటే ఎక్కువమంది ఉన్నారు. సరిహద్దు అనగానే అందరూ తలెత్తి నావైపు చూశారు. ఆ చూపులు నాకు తియ్యగా అనిపించాయి. "సరిహద్దు అంటే ఎక్కడో మీకు తెలియదు, నేను చెప్తాను," అని మొదలుపెట్టాను. ఊరు, వంతెన, తోటలు, తుపాకులు. మన దగ్గర ఏముందో అవతలివాళ్లకు తెలిస్తే వణికిపోతారన్నాను. ఆడవాళ్ల వరసలో ఆ తల్లి నావైపు చూసి చూపు దించుకోవడం కనిపించింది. కొడుకును తలుచుకుని ఏడుస్తోందనుకున్నాను. ఇంకొంచెం గొంతు పెంచాను.

బయటికి వచ్చాక చాలామంది నా చెయ్యి పట్టుకున్నారు. సుబేదారుగారూ, మీరు చెప్తుంటే ఒళ్లు పులకరించింది అన్నారు. నేను అంతకంటే కింది ర్యాంకులో, హవల్దారుగా దిగిపోయినవాణ్ణి. ఎవరో మొదట పొరపాటున సుబేదారు అంటే కాదని చెప్పలేదు. అట్లా అదే నిలబడిపోయింది.

సాయంత్రం ఆటో ఎక్కి మార్కాపురం వెళ్లాను. పలకల కార్ఖానాలున్న వీధి చివర ఒక టీ దుకాణం ఉంది. రాయి కోసిన బూడిదరంగు దుమ్ముతోనే పనివాళ్లు అక్కడికి టీకి వస్తారు. నేను, పక్కనే బట్టలు కుట్టే భాయ్ ఏళ్ల తరబడి అక్కడ కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటాం. అదీ అమెరికా రాజకీయాలు. నవ్వొచ్చే సంగతే, కానీ దానికో కారణం ఉంది. మన రాష్ట్రం రాజకీయం మాట్లాడితే ఆ బల్లల మీద ముఖాలు మాడిపోతాయి, ఒకరిద్దరు టీకి రావడం మానేస్తారు. అమెరికా పార్టీల మీద ఎంత అరుచుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఫోన్లో తెలుగులో విశ్లేషణలు వస్తాయి, విని వచ్చి కొట్టుకుంటాం. నేనొక పార్టీ, భాయ్ ఇంకో పార్టీ. ఇద్దరికీ అక్కడ ఓటు లేదు.

అంతకు కొన్ని వారాల ముందు అక్కడి పెద్దలు కొందరు ఒక దాడి సంగతులు ఫోను గ్రూపులో రాసుకున్నారని, అది బయటపడిందని వార్త వచ్చింది. నేను వెనకేసుకొచ్చే పార్టీవాళ్లే వాళ్లు. భాయ్ ఆ రోజు నన్ను వదల్లేదు.

"చెప్పు సుబేదార్ సాబ్, మీ మిలిటరీలో ఇట్ల జేస్తే ఏం జేస్తారు?"

"అయిందేముంది భాయ్? దాడి బాగానే జరిగింది. వాళ్ల సైనికుడు ఒక్కడికీ దెబ్బ తగల్లే."

"అరె, ఆ మధ్య అటు పార్టీ ఆమె సర్కారు రహస్యాలు సొంత మెయిల్లో పెట్టిందని, జైల్లో ఎయ్యాలని ఇదే బల్ల గుద్దినావు గదా! నీ బల్ల మీద రెండు చట్టాలున్నాయా ఏంది?"

బల్లలవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వేశాను.

ఈ ఆదివారం సాయంత్రం మాత్రం దుకాణంలో అంత సందడి లేదు. యుద్ధం మాటలు మొదలైనప్పటినుంచి భాయ్ కూడా తక్కువ మాట్లాడుతున్నాడు. అది నేను గమనించాను, ఎందుకని అడగలేదు. టీవీలో కింద అక్షరాలు పోతున్నాయి: సైన్యం కదలికలను ఎవరూ చూపించవద్దు, ప్రసారం చేయవద్దు. నేను వెంటనే అందుకున్నాను.

"ఈ చానళ్లోళ్లను ముందు లోపలెయ్యాల. మనోళ్లు ఏడున్నారో ఊరంతా చాటుతారు."

భాయ్ టీ గ్లాసు కింద పెట్టి తన ఫోను నా ముందుకు జరిపాడు. "మరి ఇదేంది సాబ్?"

అందులో నేనున్నాను. తెల్లచొక్కా, చేతిలో మైకు, వెనక గోడ మీద సిలువ. ఎవరో చీటీ చదివిన ముక్కను మాత్రం కోసి, పైన "మన ప్రాంత వీరుడు" అని రాసి పంపారు. నా గొంతు ఆ ఊరి పేరు చెప్పింది. ఆ చిన్న ఫోనులోంచి కూడా స్పష్టంగా వినబడింది.

అప్పుడు నేనన్న మాట రాయడం నాకు కష్టంగా ఉంది. అయినా రాయాలి.

"నీకెందుకు భాయ్ అంత కంగారు? నువ్వు ఎవరి పక్షం?" అన్నాను.

టీ కాచే ఆయన గరిటె తిప్పడం ఆపాడు. ఇరవై ఏళ్ల స్నేహంలో అలాంటి మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. భాయ్ ముఖం ఎర్రబడుతుందనుకున్నాను. అట్లా కాలేదు. రంగు దిగిపోయింది.

"ఆ పిల్లోడి పక్షం సాబ్. మూడేండ్ల కిందట నువ్వు తీసుకొస్తే సెలక్షన్‌కు ప్యాంటు నేనే కుట్టినా," అని ఫోను జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చే ఆటోలో నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ నాకింకా గుర్తున్నాయి. అదేం రహస్యం, మ్యాపులో ఉన్న ఊరే కదా. చర్చి వీడియో శత్రుదేశంవాడు చూస్తాడా. లైవ్ పెట్టింది అమ్మగారు, ముక్క కోసి పంపింది ఇంకెవరో. అసలు పిల్లవాడు తల్లికి చెప్పడమే తప్పు. టీవీవాళ్లు ఇంతకంటే ఎక్కువ చూపించలేదా. తర్లుపాడు మలుపు దగ్గర తట్టింది నాకు, ఈ మాటలన్నీ నేను ఇంతకు ముందే విన్నానని. ఎవరికీ ఏమీ కాలేదు కదా, అది రహస్యమే కాదు, తప్పు ఇంకొకరిది, అటువాళ్లు చేయలేదా. ఆ అమెరికా వాళ్లు టీవీల ముందు చెప్పినవే. అప్పుడు వాళ్ల తరఫున నేను చెప్పాను, ఇప్పుడు నా తరఫున నేనే చెప్పుకుంటున్నాను. అటువైపు పార్టీ మనిషి అయితే జైలు, ఇటువైపు అయితే పోనీలే. నేను అయితే?

నేను కొత్తగా చేరినప్పుడు మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. మాతోటి కుర్రాడొకడు ఇంటికి రాసిన ఉత్తరంలో ఎదురుగా ఉన్న కొండ పేరు రాశాడు. అంతే, ఒక్క పేరు. వీపున బరువుమూట కట్టి వాణ్ణి పడిపోయేదాకా మైదానం చుట్టూ తిప్పాడు ఉస్తాద్. ఆ తర్వాత మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "ఉత్తరం అమ్మకే రాస్తావు. కానీ అమ్మ దాకా పోయేలోపల అది ఎంతమంది చేతులు మారుతుందో నీకు తెలియదు," అని హిందీలో చెప్పాడు. నేను పంపింది ఎంతమంది చేతులు మారిందో లెక్కపెట్టేవాడు కూడా లేడు.

సోమవారం పొద్దున్నే అమ్మగారి దగ్గరికి వెళ్లి వీడియో తీసేయమన్నాను. ఎందుకో చెప్పాక ఆమె వెంటనే ఫోను తీసింది. "రాత్రే మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసినాడన్నా, ఆడ వాళ్ల గ్రూపులో గూడా తిరుగుతాందంట," అంటూ తీసేసింది. మా చర్చి పేజీలో పోయింది. బయట తిరుగుతున్నది పోలేదు.

పిల్లవాడి ఫోనుకు చేస్తే స్విచాఫ్. వాడు ముందే చెప్పాడు, పనిచేయదని. అయినా గంటకోసారి చేసి ఆ ఇంగ్లీషు అమ్మాయి గొంతు వినేవాణ్ణి. ఆ తల్లి సోమవారం సాయంత్రం, మంగళవారం సాయంత్రం పనినుంచి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమన్నా తెలిసిందా అన్నా?"

"ఏం లేదమ్మా. ఏం కాదులే."

ఆమె ఏదో అడగబోయి ఆగిపోయినట్టు కనిపించేది. నేను చెప్పలేదు. రెండు రోజులూ చెప్పలేదు. ఆమె మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసుకునేవాణ్ణి.

బుధవారం దాడులు మొదలయ్యాయి. ఆ తర్వాత రోజు పొద్దున టీవీలో ఒక చానల్ ఆ ఊరి పేరు చెప్పింది. అదే పేరు. అక్కడ ఆకాశంలో డ్రోన్లు కనిపించాయట, పేలుళ్లు వినిపించాయట. పక్క చానల్ అట్లాంటిదేమీ లేదంది. మూడో చానల్‌లో మ్యాపు మీద ఎర్రటి మంట బొమ్మ పెట్టి, వంతెన అంటున్నారు. యుద్ధం మీద ఇన్నేళ్లు ఎంత ధైర్యంగా మాట్లాడానో, ఆ పూట అంత పిరికిగా ఆ ఎర్ర మంటను చూస్తూ కూర్చున్నాను. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. నిజమైతే అందులో నా గొంతు ఎంత ఉందో అది అసలే తెలియదు. ఎవరూ ఎప్పటికీ చెప్పరు. భయమంటే అదేనని అప్పుడు తెలిసింది.

చెప్పులేసుకుని చెరువు దగ్గరికి నడిచాను. ఎండాకాలం కదా, ఊరి ఆడవాళ్లంతా ఉపాధి పనిలో చెరువు పూడిక తీస్తున్నారు. మా వైపు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. నన్ను చూడగానే కట్ట మీద నవ్వులు లేచాయి.

"ఏంది సుబేదారు మామ కరువు పనికి వచ్చినాడు! మేటీని పిలవండే, హాజరు మస్టర్లో పేరెక్కిచ్చుకుంటాడు."

"యుద్ధం ఈడ గాదు మామా, అటుపక్క! దారి తప్పినావు."

ఆ తల్లి తట్ట దించి గబగబా కట్ట ఎక్కి వచ్చింది. "బిడ్డకేమన్నా..." అని ఆగిపోయింది.

"వాడి కబురేం తెలియదమ్మా. నేను నా సంగతి చెప్పేదానికి వచ్చినా," అని మొత్తం చెప్పాను. ఆదివారం నేను చెప్పిన మాటలు ఫోన్లలో ఊళ్లు తిరుగుతున్నాయని, అవి ఎక్కడికి పోయాయో నాకే తెలియదని, పొద్దున టీవీలో ఆ ఊరి పేరు వచ్చిందని. నవ్వుతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నేను నీ చెవిలో చెప్పినా అన్నా. మైకులో చెప్పమన్నానా?"

"లేదమ్మా," అన్నాను.

"ఆదివారమే నాకు గుండె గుభేలుమనింది. ఎవరికీ చెప్పొద్దన్నాడే, అన్న చెప్తాండాడే అనుకున్నా. మళ్లా, మిలిటరీలో చేసినోడు, ఆయనకు తెలీదా అని ఊరుకున్నా. అది ఇని వాళ్లు ఆడ బాంబులేస్తారా?"

ఏమీ కాదు అని నోటిదాకా వచ్చింది. ఆదివారం అయితే అనేసేవాణ్ణి.

"తెలియదమ్మా," అన్నాను. "వాళ్ల పై ఆఫీసరుకు ఉత్తరం రాస్తాను. తప్పు నాదని."

"రాస్తే, బిడ్డ నాకు చెప్పినాడని ఆడ తెలుస్తాది గదా?"

"తెలుస్తుంది."

"మరి నువ్వు రాసేది నీ గుండె బరువు దిగేదానికా, నా బిడ్డ కోసమా? వాడు మాట్లాడేదాకా ఏం రాయమాక. వాణ్ణి అడిగి రాయి." తట్ట మళ్లీ నెత్తిన పెట్టుకుంటూ, "మా గుంపు తవ్విన మట్టి కొలత ఇంకా కాలేదు, పో అన్నా," అంది.

బళ్లో రెండు తరగతులు కూడా చదవని మనిషి. ఆ మాట నాకు తట్టలేదు. తప్పు ఒప్పేసుకుంటే చాలు, మంచివాణ్ణైపోతాననుకున్నాను. నా ఒప్పుకోలు కూడా ఆ పిల్లవాడి మీదే పడుతుందని, ఆదివారం ఆలోచించనట్టే ఆ రోజూ ఆలోచించలేదు.

శనివారం కాల్పులు ఆగాయని చెప్పారు. మధ్యలో పడి తామే ఆపించామని అమెరికా వాళ్లు ప్రకటించారు. మామూలుగా అయితే దానిమీద టీ దుకాణంలో వారం రోజులు అరిచేవాణ్ణి. ఆ రోజు ఎవరు ఆపించారన్నది నాకు పట్టలేదు. భాయ్ కూడా ఆ ఆదివారంనుంచి టీకి రావడం లేదని దుకాణమాయన చెప్పాడు.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు.

"మామా, నేను."

కుర్చీలో కూలబడ్డాను. "ఒరే, బాగున్నావా? అమ్మకు చేసినావా?"

"ముందు అమ్మకే జేసినా. బాగుండా మామా." ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. "మా సాబ్ పిలిచి నీ వీడియో చూపిచ్చినాడు. ఆయనకు తెలుగు రాదు. ఊరి పేరొక్కటే అర్థమైందంట. మిగతాది మన తెలుగోణ్ణి పిలిపిచ్చి అర్థం చెప్పిచ్చుకున్నాడు."

"తప్పు నాదిరా."

"దాడులకు ముందు సోమవారం రాత్రే మమ్మల్ని ఆణ్ణుంచి మార్చినారు మామా. దీనివల్లనో, ఇంకెందుకో మాకు చెప్పరు గదా. లైట్లు లేకుండా పోతాంటే ఒక బండి పక్కకు ఒరిగింది. మా వాడొకడికి చెయ్యి ఇరిగింది."

ఆ కుర్రాడి ఊరు ఏదని అడిగాను. ఒరిస్సా అన్నాడు. చెయ్యి పూర్తిగా వస్తుందా అంటే, డాక్టరు వస్తుందన్నాడంట అన్నాడు.

"నన్ను రాసియ్యమన్నారు. అమ్మకు చెప్పినానని రాసిచ్చినా. అబద్ధం రాయలే మామా. నాది గూడా తప్పే గదా."

ఇరవై మూడేళ్లవాడు అంత సూటిగా అన్న మాట నేను అనడానికి నాలుగు రోజులు తీసుకున్నాను. "నేను గూడా రాసి పంపనా? నీకు మంచిదైతేనే," అని అడిగాను.

"పంపు మామా. అమ్మ మైకులో చెప్పలేదని రాయి. సాబ్ అదే అడిగినాడు."

ఆ సాయంత్రమే రాశాను. మూడుసార్లు రాశాను. మొదటిసారి "దేశభక్తి ఉత్సాహంలో" అని రాసి, చదువుకుని, చించేశాను. రెండోసారి లైవ్ సంగతి నాకు గుర్తులేదని రాశాను. స్టాండు నా ముందే ఉంది, గుర్తుంది, అదీ చించేశాను. మూడోసారి జరిగింది జరిగినట్టు రాశాను. ఆ తల్లి ఎవరికీ చెప్పవద్దని స్పష్టంగా చెప్పిందని, చీటీలో ఒక్క వాక్యమే ఉందని, మిగతావన్నీ నా గొప్ప కోసం నేను కలిపానని. నా ర్యాంకు హవల్దారు అని రాశాను. ఒంగోలుకు పోయి మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో ఇచ్చాను. అక్కడి పెద్దమనిషి చదివి కళ్లద్దాలు తీసి, "మీమీద కేసయ్యేది కూడా ఉంది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన ముద్ర వేసి ఆ ఉత్తరాన్ని పిల్లవాడి పట్టాళానికి పంపించాడు. నామీద కేసు రాలేదు. ఇకముందు జాగ్రత్త అని ఒక కాగితం వచ్చింది. పిల్లవాడికి మాత్రం రికార్డులో ఒక మచ్చ పడింది. ఆ ఏడాది వెళ్లాల్సిన ఒక శిక్షణకు వాడి పేరు తీసేశారు. ఉద్యోగం మిగిలింది. వాడు నన్నేమీ అనలేదు. అనకపోవడం నాకింకా బరువుగానే ఉంది.

ఉత్తరం ఇచ్చిన రోజు ఒంగోలు నుంచి వస్తూ మార్కాపురంలో దిగి నేరుగా భాయ్ దుకాణానికి వెళ్లాను. మిషను మీదనుంచి తలెత్తలేదు.

"భాయ్, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట సాబ్?"

"నువ్వు ఎవరి పక్షమని అడిగినా. అడగగూడని మాట. అందరి ముందర అడిగినా, అందరి ముందరే తప్పని చెప్తా, రా."

మిషను ఆగింది. "టీ నువ్వే తాపియ్యాల," అన్నాడు. ముఖంలో నవ్వు లేదు, కానీ చొక్కా తగిలించుకుని వచ్చాడు. బల్లల ముందు నిలబడి చెప్పాను. గొంతు పెద్దగా రాలేదు, దగ్గరివాళ్లకే వినబడింది. ఆ రోజు అక్కడున్నవాళ్లలో సగంమందే ఉన్నారు. మిగతావాళ్లకు ఇంకోరోజు మళ్లీ చెప్పాను. భాయ్ టీ తాగుతూ అప్పుడు చెప్పాడు, ఆ ఆదివారం రాత్రినుంచే బట్టలకు వచ్చినవాళ్ల ఫోన్లు చూపించమని అడిగి ఆ వీడియో తీసేయిస్తున్నానని. అంతమందితో తీసేయించాడు, నాతో ఒక్కమాట అనలేదు.

తర్వాతి ఆదివారం అమ్మగారిని లైవ్ పెట్టమనే చెప్పాను. తప్పు లైవ్‌లో చేశాను కదా. చీటీలు చదివే పని ఇంకొకరికి అప్పగించమని అయ్యగారిని అడిగి, మైకులో నా తప్పు చెప్పి, ఆ వీడియో ముక్క ఎవరి దగ్గరున్నా తీసేయండని, సైన్యంలో ఉన్న పిల్లల ఊళ్లు ఎవరూ ఎక్కడా చెప్పొద్దని అడిగాను. ఆ తల్లి మూడో వరసలో కూర్చుని ఉంది. నావైపు చూడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "తిన్నావా అన్నా," అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

అప్పటినుంచి భాయ్ చేసిన పనే నేనూ మొదలుపెట్టాను. ఎవరి దగ్గర ఉందని తెలిస్తే వాళ్ల దగ్గరికి పోతాను. ఫోనులో చెప్తే సరే అంటారు, తీయరు. ఎదురుగా కూర్చుంటే తీస్తారు. మార్కాపురంలో పలకల పనివాళ్లు, తర్లుపాడులో ఆటోవాళ్లు, ఒక కాలేజీ కుర్రాళ్ల హాస్టలు. కొందరు కోప్పడతారు. ఒకాయన, యుద్ధమైపోయింది గదా, ఇంకేం నష్టం అన్నాడు. పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారని చెప్పాను.

పోయిన వారం దొనకొండ వెళ్లాను. స్టేషను బయట జామకాయలు అమ్మే ఆయన ఫోనులో ఉందని తెలిసింది. చూపించాడు.

"ఎందుకు తీసేయాలయ్యా? ఎంత బాగా చెప్పినాడో చూడు పెద్దాయన."

"అది నేనే," అన్నాను. తప్పు ఏమిటో మొదటినుంచి చెప్పాను. ఆయన నన్నూ ఫోనునూ రెండుమూడుసార్లు మార్చి మార్చి చూసి, తీసేశాడు.

"ఎవరికన్నా పంపినావా?"

తల గోక్కున్నాడు. ముగ్గురికి పంపానన్నాడు. ఒకరు గిద్దలూరులో వాళ్ల బావ. ముగ్గురి పేర్లు, వీధులు, ఫోను నంబర్లు రాసుకున్నాను. గిద్దలూరు వైపు బండి ఎన్నింటికని లోపలికి పోయి అడిగితే ఇంకో గంటలో ఉందన్నారు. టికెట్టు తీసుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.